పేపర్ వేస్తామని మెయిల్ వచ్చిందా? డబ్బు కట్టే ముందు ఇవి చూడండి

మీరు పీహెచ్‌డీ చేస్తున్నా, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నా ఈ తరహా మెయిల్ మీకూ వచ్చే ఉంటుంది. మీ వ్యాసం అద్భుతమని, మా అంతర్జాతీయ జర్నల్‌లో వారంలోనే వేస్తామని పొగుడుతుంది. ఫీజు మాట ఎక్కడో చివర్లో ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఎర్రుపాలెంలో రైలెక్కి ఖమ్మం, విజయవాడ వెళ్లి చదువుకునే స్కాలర్‌కు ఆ ఫీజు చిన్న మొత్తమేమీ కాదు.

అసలు జర్నల్ చేయాల్సిన పని ఏమిటి? వచ్చిన వ్యాసాన్ని అదే రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపాలి. వాళ్లు తప్పులు పట్టాలి, ప్రశ్నలు వేయాలి. దీన్నే పీర్ రివ్యూ అంటారు. దీనికి నెలలు పడుతుంది. ఫీజు తీసుకున్నంత మాత్రాన మోసం కాదు, పేరున్న ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు కూడా తీసుకుంటాయి. పరిశీలన లేకుండా తీసుకోవడమే మోసం.

ఈ విషయంలో హైదరాబాద్ పేరు ప్రపంచమంతా వినబడింది. గేదెల శ్రీనుబాబు స్థాపించిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో నెవాడా కోర్టులో కేసు వేసింది. పీర్ రివ్యూ ఉందని చెప్పుకుని మోసగించారని, ఫీజు సంగతి ముందే చెప్పలేదని, సదస్సులకు ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు వాడుకున్నారని ఆరోపించింది. వ్యాసం వెనక్కి తీసుకుంటామన్నా వదిలేవారు కాదట. ఒకచోట ఉన్న వ్యాసాన్ని ఇంకోచోటికి పంపకూడదు కాబట్టి స్కాలర్ ఇరుక్కుపోతాడు. సంస్థ ఆరోపణలను ఖండించినా, 2019 మార్చిలో కోర్టు 5.01 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు ఇచ్చింది.

ఇదంతా ప్రొఫెసర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. ఖమ్మం జిల్లాకు దీనితో నేరుగా ముడిపడిన అనుభవం ఉంది. 2009లో భద్రాచలం సహా జిల్లాలోని మూడు మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు నడిచింది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చింది. కానీ సమ్మతి పత్రాల సంగతి వేరు. విచారణలో చూసిన 9,543 పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం చేసినవి, 1,948 వేలిముద్రలవి. తల్లిదండ్రులు చదివి ఒప్పుకున్నారా అన్న ప్రశ్నను పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదికలో గట్టిగానే అడిగింది. మంచి జర్నల్ ఇలాంటి అధ్యయనం వస్తే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఎథిక్స్ కమిటీ అనుమతి ఏది, సమ్మతి ఎవరిచ్చారు? డబ్బు అందగానే వేసేసే చోట ఆ ప్రశ్న పుట్టదు.

ప్రభుత్వం వైపు నుంచి? 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తొలగించింది. తర్వాత తెచ్చిన కేర్ జాబితానూ ఎత్తేస్తున్నట్టు 2025లో ప్రకటించింది. మంచి జర్నల్ ఏదో తేల్చుకునే బాధ్యత ఇక యూనివర్సిటీలదే. చిక్కేమిటంటే, అది చివరికి స్కాలర్ నెత్తినే పడుతుంది. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను 2022లోనే తీసేశారు కానీ, ఉద్యోగాలు, పదోన్నతుల దగ్గర పేపర్ల లెక్క ఇంకా నడుస్తోంది.

మీరు చేయగలిగింది ఉంది. జర్నల్ పేరు డీఓఏజే డైరెక్టరీలో వెతకండి. ప్రచురణ నైతికతను చూసే కోప్ సభ్యత్వం ఉందని చెప్పుకుంటే, జర్నల్ మాట నమ్మకుండా కోప్ వెబ్‌సైట్‌లోనే పేరు చూడండి. ఎడిటోరియల్ బోర్డులో ఒకరికి, వాళ్ల యూనివర్సిటీ చిరునామాకే మెయిల్ పెట్టి, నిజంగా ఉన్నారా అని అడగండి. అసలు జర్నల్ పేరుతో నకిలీ సైట్లూ ఉంటాయి, అడ్రస్ బార్ కూడా చూడండి.

ఇప్పటికే పంపేశారా? కాపీరైట్ పత్రంపై సంతకం పెట్టకండి, డబ్బు కట్టకండి. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్ పెట్టి, కాపీ దాచుకుని, ఆ రోజే గైడ్‌కు చెప్పండి.