బదిలీ యనదగునా?

బ్రిటనులో వికలాంగులును దీర్ఘరోగులును పొందుచుండిన పాతభృతులను తొలగించి, వారిని యూనివర్సల్ క్రెడిట్ అను నూతన పద్ధతిలో జేర్చుటను ఆ దేశ ప్రభుత్వము బదిలీ యని పిలిచినది. ఆ పేరు మాకు సమంజసముగ దోపదు. ఒకచోట నున్నదానిని మరియొకచోటికి జేర్చుట బదిలీ. ఇచట పాతభృతికి ముగింపుతేదీ వేసి, క్రొత్తదానికై మీరే దరఖాస్తు పెట్టుకొనుడని రోగి యింటికి తాఖీదు పంపిరి. మూడు నెలల గడువు. అది దాటినచో పాతభృతి నిలిచిపోవును.

2012 నాటి సంక్షేమ సంస్కరణ చట్టముచే నేర్పడి, 2013 ఏప్రిల్‌లో ఆష్టన్ పట్టణమున మొదలైన యీ పద్ధతి ఆరు విధముల సహాయములను ఒక్కటిగ గూర్చినది. బీదవాడు పలు కచేరీల చుట్టు తిరుగుటకంటె ఒక్క కచేరీ మేలనుట నిజమే. కాని ఏకము చేయుటలో ఏమి జారిపోయినదో చూడవలదా? ఒంటరిగ జీవించు తీవ్ర వికలాంగులకు పూర్వము ప్రత్యేకముగ నొసగుచుండిన యధికభృతికి నూతన పద్ధతిలో స్థానమే లేదు. ఇట్టివారిద్దరు ఒక పురపాలక ప్రాంతమునుండి మరియొకదానికి నివాసము మార్చిన మాత్రమున నెలకు సుమారు 178 పౌనులు కోల్పోయిరి. వారి రోగము తగ్గలేదు, ఖర్చు తగ్గలేదు, మారినది చిరునామా. ఇది చట్టవిరుద్ధమైన వివక్షయని 2018 జూన్‌లో హైకోర్టు తీర్పు చెప్పినది. 

పనిచేయజాలని రోగుల భృతిదారులను చివరకుంచి, వారి వంతును 2028 వరకు వాయిదా వేయుదుమని 2022లో జెప్పిరి. 2024 ఏప్రిల్‌లో ఆ మాట మార్చి, అదే సంవత్సరము సెప్టెంబరు నుండి తాఖీదులు పంపసాగిరి. సుమారు ఎనిమిది లక్షల కుటుంబములకు సంబంధించిన విషయమిది!

పాతభృతి నిచ్చినదియు క్రొత్తభృతి నిచ్చునదియు ఒకే శాఖ. రోగి పేరు, నివాసము, వైద్యుల నివేదిక దాని బీరువాలోనే యున్నవి. పనిచేయజాలడని పూర్వము చేసిన నిర్ణయము క్రొత్త పద్ధతిలోను చెల్లును. ఇంక దరఖాస్తు దేనికి? అద్దె, కుటుంబము, నిలువ సొమ్ము మొదలగు వివరములు కావలెనందురు. కావలసినచో అడుగవచ్చును, అడుగువారే గడప యెక్కవచ్చును. బదులీయనివారికి కొందరికి టెలిఫోను చేసి, ఇండ్లకు మనుష్యులను పంపిరట. సంతోషమే. కాని రోగి యొంటరిగ నీ పని చేసికొనజాలడని ప్రభుత్వమే యొప్పుకొన్నట్లు కాదా? మనోవ్యాధిచే నుత్తరము విప్పుటకే జంకువారు గలరు. కంప్యూటరు నెరుగని వృద్ధులు గలరు.

గడువులో జేరినవారికి పాతమొత్తము తగ్గకుండ లోటు పూరింతురు. ఆ పూరణయైనను ఇతర భాగములు పెరిగినకొలది తరిగిపోవును. పూర్వము రెండు వారములకు వచ్చు సొమ్ము ఇప్పుడు నెలకొకసారి. మొదటి మొత్తమునకు అయిదు వారములు నిరీక్షింపవలెను. అంతవరకు బయానా పుచ్చుకొన్నచో అది అప్పు. తరువాతి భృతినుండి కోసికొందురు.

తాఖీదు అందియు దరఖాస్తు చేయక భృతి గోల్పోయినవారెవరో ఆ శాఖకు దెలియును. ఆ యిండ్లకు ఉద్యోగులను పంపి విచారింపవలెను. అనారోగ్యముచేతనే గడువు దప్పినదని తేలినచో, భృతి నిలిపిన దినము నుండి బాకీ చెల్లించి, లోటుపూరణ హక్కును మరల నీయవలెను.