పాపికొండల చెట్లకు పైన చోటు లేదు

ఉంగుటూరు, తాడేపల్లిగూడెము ప్రాంతపు వరిచేల గట్లపై నిలుచుండి ఎంత తేరిపార చూచినను కొండ యన్నది కంటికి ఆనదు. కాని బుట్టాయగూడెము, జంగారెడ్డిగూడెము ఎగువ అడవులలో కురిసిన వాన ఎర్రకాలువయై మన చేలమీదికి దిగివచ్చునను సంగతి, 2024 జూలైలో నాట్లు వేసిన మళ్లు నీట మునుగగా చూచిన రైతులకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. వరద వచ్చిన ప్రతిసారియు కాలువగట్ల బలహీనతను గూర్చియు, గుర్రపుడెక్క, తూటికాడ క్రమ్ముకొన్న డ్రెయిన్లను గూర్చియు పత్రికలలో వ్రాయుదుము, సభలలో మాటలాడుదుము. ఆ నీటిని వేళ్లతో పట్టి నిలిపి, మెల్లమెల్లగా విడువవలసిన కొండచెట్ల యోగక్షేమములను విచారించువారు మాత్రము అరుదు.

మనకు దగ్గరి కొండలు పాపికొండలు. గోదావరి తూర్పు కనుమలను చీల్చుకొని వచ్చుచోట ఇరుదరుల వ్యాపించిన అడవిలో వేయి చదరపు కిలోమీటర్ల పైచిలుకు భాగమును 2008లో జాతీయోద్యానముగా ప్రకటించిరి. నల్లమద్ది, వేగిస, తునికి, ఇప్ప, రేల, వెదురు, వానిని అల్లుకొని పోవు అడ్డతీగ—వేసవిలో ఆకురాల్చి తొలకరికి చిగిర్చు అడవియిది. హిమాలయములందువలె దేవదారులు, మంచు, ఆల్పైన్ పచ్చికలు ఇచ్చట లేవు. కావుననే పర్వతవృక్షసంపదయు వాతావరణ మార్పును అనగానే మన పండితులు సైతము ఉత్తరముగా చూచెదరు గాని, తమ జిల్లా సరిహద్దులోని కొండలను తలపరు.

భూమి వేడెక్కినచో కొండమొక్క లేమి చేయునను ప్రశ్నకు సాధారణముగా వినవచ్చు సమాధానము సులభమైనది. పైకి పోయినకొలది, వేయి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున, చల్లదనము హెచ్చును గనుక, ఒక డిగ్రీ వేడి పెరిగినచో మొక్క తన పాత చల్లదనమును పొందుటకు రమారమి 150 మీటర్లు మీదికెక్కవలెను. ఐరోపాఖండమున 302 శిఖరములపై తరతరములుగా వ్రాసియుంచిన పట్టికలను సరిపోల్చి 2018లో ప్రకటింపబడిన పరిశోధన, శిఖరములకు క్రొత్తజాతులు చేరు వేగము అర్ధశతాబ్దమునకు పూర్వమున్నదానికంటె 5 రెట్లైనదని చూపినది. 2024వ సంవత్సరపు ప్రపంచ సగటు ఉష్ణోగ్రత, యంత్రయుగమునకు పూర్వమున్నదానిని 1.5 డిగ్రీలు మించినది. ఆల్ప్స్ పర్వతముల మొక్కలకు ఎక్కుటకింకను చోటున్నది. తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తయిన శిఖరమే 1,700 మీటర్లకు లోబడినది. పాపికొండలు అందులో సగము మాత్రమే. ఆ సగము ఎత్తున, కొండనెత్తిమీద నున్న మొక్క ఎక్కడికెక్కును? ప్రక్కకు జరుగుదమన్న తూర్పు కనుమలు ఏకశ్రేణి కావు. గోదావరి, కృష్ణ వానిని తునుకలు చేసినవి, ఆ తునుకల నడుమ మన ఊళ్లును, పొలములును ఉన్నవి.

అయితే ఈ సులభ సమాధానము అన్నిచోట్లకు చెల్లదు. కాలిఫోర్నియా కొండలలో 1930ల నాటి లెక్కలతో నేటివానిని పోల్చి 2011లో ప్రకటించిన పరిశోధనలో, 64 జాతుల మొక్కలు పైకెక్కుటకు మారుగా సగటున 80 మీటర్లు క్రిందికి దిగియుండెను. కారణము నీరు. వేసవి దీర్ఘమై నేల యెండిపోవు చోట్ల మొక్క చల్లదనముకంటె తడిని ఎక్కువగా వెదకుకొనును. మార్చి మొదలు మే వరకు కార్చిచ్చుతో పెనగులాడు మన కొండలకు స్విట్జర్లాండుకంటె ఈ కాలిఫోర్నియా పాఠమే సన్నిహితమని నా యభిప్రాయము. పాపికొండల చెట్లకు రక్షణ యన్నది ఉన్నచో అది శిఖరముల మీద కాదు, లోయలలో, ఎండ నేరుగా సోకని వాగుల యిరుకులలో ఉన్నది.

ఆ యిరుకులను ఎరుగనివారు మనలో లేరు. గుబ్బల మంగమ్మ తల్లిని దర్శించుటకు బుట్టాయగూడెము మండలపు అడవిలోనికి పోవు మెట్ట, డెల్టాల భక్తులు, నిండు వేసవిలో సైతము గుహపై రాతినుండి నీరు చెమ్మగిల్లి జారుటను చూచుచునేయున్నారు. అట్టి తావులందే నాచులు, ఫెర్నులు, నీడను కోరు చిన్న ఓషధులు బ్రతుకును. జీలుగుచెట్టును అట్టిదే: కొండరెడ్లును కోయలును కల్లుగీయు ఈ తాటిజాతి వృక్షము తడినేలను, లోతట్టును ప్రేమించును, ఆయుష్షు చివర పూచి కాచి చనిపోవును. తల్లిచెట్టు పోవునప్పటికి మొలకలు నిలద్రొక్కుకొనకున్న ఆ వాగున జీలుగు వంశము అంతటితో సరి. భక్తులు పోవలదనను, ప్లాస్టికు సంచులను మాత్రము తల్లికి సమర్పించి రావలసిన పనిలేదు.

ఇక చెప్పవలసినది పోలవరము మాట. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి గోదావరి నీటితో అన్నము తినుచున్న డెల్టావారిలో ఒకడను నేను. క్రొత్త ఆనకట్టను నిందించు అర్హత నాకు లేదు, నిందించుటయు లేదు. కాని జలాశయము పూర్తిమట్టము 45.72 మీటర్లకు నిండిననాడు నీట మునుగునవి కొండశిఖరములు కావు, కొండ పాదములు. కుక్కునూరు, వేలేరుపాడు మండలముల ఊళ్లతోపాటు నదీతీరపు అడవియు, వాగులు గోదావరిలో కలియు తడిలోయలును. పైనుండి ఎండయు, క్రిందినుండి నీరును త్రోయగా, నడుమ మిగులు ఇరుకు మేరలోనే ఇన్ని జాతులును సర్దుకొనవలెను. మునిగిన అడవికి బదులుగా ఎక్కడనో వరుసలు తీర్చి టేకును నాటించి, లెక్క సరిపోయినదని సంతసించుట కంసాలి తూకమే గాని వృక్షశాస్త్రము కాదు.

పోవునదేదో తెలియవలెనన్న ముందున్నదేదో వ్రాసియుండవలెను. ఈ విషయమున మనకొక అదృష్టము కలదు. కంపెనీ కొలువున వైద్యుడుగా వచ్చిన విలియం రాక్స్‌బరో 1781 మొదలు 1793 వరకు సామర్లకోటలో నివసించి, ఉత్తర సర్కారుల మొక్కలను శోధించి, దేశీయ చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించెను. ఆయన మరణానంతరము శ్రీరామపురమున అచ్చయిన గ్రంథమున అనేక వృక్షముల క్రింద అవి సర్కారు కొండలలో పెరుగునవనియు, ఏ ఋతువున పూచుననియు గుర్తించియున్నాడు. జర్మను ప్రకృతిశాస్త్రజ్ఞుడు హంబోల్టు 1802లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతముపై వ్రాసికొన్న గుర్తులను పట్టుకొని, నేటి శాస్త్రజ్ఞులు 2012లో తిరిగి ఆ కొండనెక్కి మొక్కలెంత జరిగినవో లెక్కించిరి. రాక్స్‌బరో ఎత్తులను అట్లు కొలువకపోయినను, ఆయన చెప్పిన పూతకాలములను నేటివానితో సరిచూచుటకు మనకు అడ్డేమియు లేదు. సామర్లకోట మనకు దూరమేమియు కాదు గదా!

చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వాగు మొదలుకొని కొండకొమ్ము వరకు, నూరేసి మీటర్ల ఎత్తునకొకటి చొప్పున శాశ్వతముగా గుర్తుపెట్టిన చిన్న మళ్లను ఏర్పరచి, అందలి ప్రతి మొక్కను ఏటేట లెక్కించవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థయందును ఒక కమిటీ యుండవలెననియు, అది ప్రజల జీవవైవిధ్య రిజిస్టరు వ్రాయవలెననియు ఆదేశించుచున్నది. కొండగ్రామములలో ఆ రిజిస్టరు వ్రాయదగినవారు పట్టణమునుండి జీపులో వచ్చు ఉద్యోగులు కారు, ఏ చెట్టు ఏ వాగున ఉన్నదో పేరుపేరున ఎరిగిన కోయలు, కొండరెడ్లు. వారికి కూలి ముట్టవలెను, గ్రంథమున పేరుండవలెను. మొక్కల శాస్త్రము తెలిసినవారు తాడేపల్లిగూడెము చెంతనే, వెంకటరామన్నగూడెపు ఉద్యాన విశ్వవిద్యాలయమున కలరు. గోదావరి నీరు ఆ లోయలను పూర్తిగా కప్పకముందే ఈ పనికి పూనుకొనవలెనని ఏలూరు జిల్లా అధికారులను, అటవీశాఖను, ఆ విశ్వవిద్యాలయమును కోరుచున్నాను.