మొలాసిస్‌తో జీవన ఎరువులు - నాణ్యతే గీటురాయి

(ప్రత్యేక వ్యాసం)

కంది, మినుము, శనగ, వేరుశనగ పైర్ల వేరు బుడిపెలలో నివసించే రైజోబియం జాతి బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరించి మొక్కకు అందిస్తుంది. డచ్ శాస్త్రవేత్త బైయరింక్ 1888లో ఈ బ్యాక్టీరియాను వేరుచేశారు. మన దేశంలో దీని వాణిజ్య ఉత్పత్తి 1956లో ప్రారంభమైంది. రసాయనిక ఎరువుల వాడకాన్ని తగ్గించే రాష్ట్రాలను ప్రోత్సహించేందుకు 2023లో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. ప్రణామ్ పథకాన్ని ఆమోదించిన నేపథ్యంలో, జీవన ఎరువులను తక్కువ ఖర్చుతో, నాణ్యత చెడకుండా ఉత్పత్తి చేయడం ప్రాధాన్యం సంతరించుకుంది.

వ్యర్థమే ఆహారం

ప్రయోగశాలలో ఈ బ్యాక్టీరియాను మానిటాల్, ఈస్ట్ సారంతో పెంచుతారు. భారీ ఉత్పత్తికి ఇవి ఖరీదైనవి. టన్ను చెరకు గానుగాడితే సుమారు 40 నుంచి 45 కిలోల మొలాసిస్ లభిస్తుంది. అందులో దాదాపు సగం చక్కెరలే. మొక్కజొన్న పిండి పరిశ్రమల్లో గింజలు నానబెట్టగా మిగిలిన ద్రవం నత్రజని పోషకాలను సమకూర్చగలదు. అయితే ఒకే మిశ్రమం అన్ని రకాలకూ సరిపోదు. వేరుశనగకు ఉపకరించే బ్రాడీరైజోబియం నెమ్మదిగా పెరుగుతుంది. అది సాధారణంగా సుక్రోజును వినియోగించుకోలేదు. మొలాసిస్‌లోని గ్లూకోజు, ఫ్రక్టోజులే దానికి ఆధారం. అలాగే పాలవిరుగుడు నీటిలోని లాక్టోజు లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాకు అనువైనది.

మొలాసిస్‌ను పలుచన చేసి, మడ్డి తొలగించి, 121 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరి పీడనంతో శుద్ధి చేస్తారు. అనంతరం 28-30 డిగ్రీల వద్ద, తటస్థానికి చేరువైన ఉదజని సూచికలో, శుభ్రపరచిన గాలిని పంపుతూ కిణ్వన ప్రక్రియ సాగిస్తారు. శుద్ధి లోపిస్తే వేగంగా పెరిగే ఇతర సూక్ష్మజీవులు తొట్టిని ఆక్రమిస్తాయి. ముడిసరుకులో ఆదా చేసిన సొమ్ము అంతకుమించిన నష్టానికి దారితీస్తుంది.

ప్రమాణాలు

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి 2006లో జీవన ఎరువులను చేర్చారు. దీని ప్రకారం రైజోబియం పొడి గ్రాములో కనీసం 5 కోట్లు, ద్రవరూప ఎరువు మిల్లీలీటరులో కనీసం 10 కోట్ల సజీవ కణాలుండాలి. లక్ష రెట్లు పలుచన చేసి పరీక్షించినా ఇతర సూక్ష్మజీవులు కనిపించరాదు. ప్యాకెట్టులో ఉన్నది ప్రాణమున్న బ్యాక్టీరియా అయినందున, కర్మాగారంలో సాధించిన నాణ్యత ఎండలో నిలిచిన లారీలోనో, రేకుల గిడ్డంగిలోనో హరించిపోవచ్చు. అందుచేత నమూనాలను ఉత్పత్తి కేంద్రంతోపాటు విక్రయ కేంద్రంలోనూ సేకరించడం ఆవశ్యకం.

ముడిసరుకుకు పోటీ

మొలాసిస్‌ను వ్యర్థమని పిలిచే రోజులు గతించాయి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ మిశ్రమ లక్ష్యం 2025లో నెరవేరింది. దేశీయ అవసరాలను దృష్టిలో ఉంచుకుని 2024 జనవరిలో మొలాసిస్ ఎగుమతులపై 50 శాతం సుంకం విధించడం ఈ డిమాండుకు నిదర్శనం. ఆంధ్రప్రదేశ్‌లో పలు సహకార చక్కెర కర్మాగారాలు మూతపడినందున, ఇక్కడి ఉత్పత్తి కేంద్రాలు ఒక్క మొలాసిస్‌నే నమ్ముకోవడం క్షేమకరం కాదు. సమీపంలోని డెయిరీలు, పిండి పరిశ్రమల ఉపఉత్పత్తులను ఏ రకం బ్యాక్టీరియాకు ఏది తగునో పరీక్షించి ఎంచుకోవలసి ఉంటుంది.

రైతు 200 గ్రాముల ప్యాకెట్టును చల్లార్చిన బెల్లం ద్రావణంలో కలిపి, 8 నుంచి 10 కిలోల విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తుకుంటాడు. బుడిపెలు ఏర్పడకపోతే ఆ సీజనులో సరిదిద్దుకునే అవకాశం అతనికి స్వల్పం. జీవన ఎరువులపై రైతుకు విశ్వాసం నిలవాలంటే ఎన్ని టన్నులు పంపిణీ చేశామన్నది కాక, విత్తే నాటికి ఎన్ని కణాలు సజీవంగా ఉన్నాయన్నదే కొలమానం కావాలి.