తెర తాడు ఎవరి చేతిలో?

'బలగం' సినిమాను నేను రెండోసారి చూసింది బోధన్ అవతల ఒక ఊళ్లో, గ్రామ పంచాయతీ ముందర. 2023 ఏప్రిల్ నెల. పంచాయతీ గోడకూ ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికీ తాళ్లు లాగి తెర కట్టారు. కింద వడ్లు ఆరబోసే పట్టాలు పరిచారు. పొద్దంతా బీడీలు చుట్టి వచ్చిన ఆడవాళ్లు ముందు కూర్చున్నారు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన ఇద్దరు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు. చనిపోయిన పెద్దాయన దినాల్లో పెట్టిన ముద్దను పిట్ట ముట్టని ఘట్టం వచ్చేసరికి ఆ వాకిలి వాకిలంతా ఊపిరి బిగబట్టింది. సినిమా అయిపోయాక ఎవరూ లేవలేదు. 'మా బాపు దినాలప్పుడు గూడ గిట్లనే అయింది' అని ఒకామె మొదలుపెట్టింది. ఇంక మాట మీద మాట. పాలివాళ్ల పేచీలు, పంచుకోని పొలాలు, ఏళ్ల తరబడి పుట్టింటి గడప తొక్కని ఆడబిడ్డలు. సినిమా రెండు గంటలు నడిస్తే దాని మీద మాటలు ఇంకో రెండు గంటలు నడిచాయి.

ఆ సినిమా మార్చి 3న విడుదలై నెల తిరగకముందే ఓటీటీలోకి వచ్చింది. దాన్ని తెలంగాణ పల్లెలు ఇలా వాకిళ్లలో చూశాయి. నిర్మాణ సంస్థ మొదట అభ్యంతరం చెప్పింది. హక్కుల లెక్కన అది న్యాయమే. సినిమాను సమర్పించిన దిల్ రాజు మన నిజామాబాద్ జిల్లా నర్సింగ్‌పల్లి వారే కాబట్టి ఆ పేచీ మనకు ఇంటి పేచీలాగే తోచింది. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం వేరే సంగతి. ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకోవాల్సిన దాన్ని వీధిలోకి తెచ్చి అందరూ కలిసి చూడాలని ఈ ఊళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ అలవాటు ఈ నేలలోనే ఉంది. 1914లో పుట్టి, బోధన్ పక్కన అమ్దాపూర్‌లో బతికి, 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ చిందు యక్షగానానికే తన బతుకంతా ఇచ్చారు. చిందు మేళం వచ్చిందంటే తెల్లవార్లూ ఆట. చూసినవాళ్లు మర్నాడు నాట్లేస్తూ ఆ కథ మీదే వాదులాడుకునేవాళ్లు.

అందుకే మన జిల్లాలో ఏటా ఒక స్వతంత్ర చిత్రోత్సవం ఉండాలని కాలేజీ పిల్లలు అన్నప్పుడు జనం వస్తారా అన్న అనుమానం నాకు కలగదు. వస్తారు. నా ఆలోచనంతా 'స్వతంత్ర' అన్న ఒక్క మాట దగ్గరే ఆగుతుంది.

పెద్ద నిర్మాత, పెద్ద హీరో లేకుండా తీసింది స్వతంత్ర సినిమా అని ఇప్పుడు అందరికీ తెలుసు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చాక ఆ మాట తెలుగిళ్లలో బాగానే నలిగింది. మరి స్వతంత్ర ఉత్సవం అంటే ఏమిటి? అలాంటి సినిమాలు నాలుగు తెచ్చి వేస్తే సరిపోతుందా? తెర కట్టిన తాడు ఎవరి చేతిలో ఉందన్నదే దీనికి జవాబు చెబుతుందని నా నమ్మకం.

'బలగం' తెరను చాలా ఊళ్లలో సర్పంచులో యువజన సంఘాలో కట్టించాయి. కొన్నిచోట్ల గ్రామాభివృద్ధి కమిటీలు (వీడీసీలు) కట్టించాయి. వీడీసీ సంగతి మన జిల్లా వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. గుడి కట్టించేది అదే, బడికి గోడ కట్టించేది అదే. జరిమానా వేసేదీ అదే. కొన్ని ఊళ్లలో దళితులనో గీత కార్మికులనో సాంఘిక బహిష్కారం చేసి, కిరాణా కొట్లో ఉప్పు కూడా పుట్టకుండా చేసి, పోలీసు కేసుల దాకా పోయిందీ అదే. కుటుంబం కథకు ఆ కమిటీ సంతోషంగా తెర కడుతుంది. బహిష్కారానికి గురైన ఇంటి పిల్లవాడు తన ఇంటి కథనే సినిమాగా తీసుకొస్తే అదే గోడకు అదే తెర కడుతుందా?

పట్నంలో ఇచ్చే చేతులు వేరు. రైస్ మిల్లులు, పసుపు వ్యాపారులు, సీడ్ కంపెనీలు, వెంచర్లు వేసేవాళ్లు, ఎన్నికలు దగ్గరికొస్తే నాయకులు. వాళ్లను తప్పు పట్టడం లేదు. గణపతి మండపానికి ఇచ్చినట్టే మంచి మనసుతోనే ఇస్తారు. కానీ ఆర్మూరు, బాల్కొండ వైపు ఎర్రజొన్న పండించిన రైతులు ధర కోసం, రావలసిన పైసల కోసం ఎన్నిసార్లు రోడ్డెక్కారో ఈ జిల్లా చూసింది. ఆ గోడు మీద ఒక డాక్యుమెంటరీ వస్తే, సీడ్ వ్యాపారి పేరు రాసిన బ్యానర్ కింద దాన్ని ఎలా వేస్తాం? ఎవరూ వద్దనరు. నిర్వాహకులే ముందుగా సర్దుకుంటారు, 'ఈసారికి వద్దులే, వచ్చే ఏడు చూద్దాం' అని. అన్నిటికన్నా ప్రమాదకరమైన సెన్సార్ అదే. దానికి కాగితం ఉండదు, అప్పీలూ ఉండదు.

వాటా ఎవరిదైతే మాట వాళ్లదేనని ఈ జిల్లాకు ఒకరు నేర్పాలా? మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లకు చెరకు పండింది. 1937లో బోధన్‌లో పుట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. శక్కర్‌నగర్ అనే ఊరు ఊరంతా ఆ ఫ్యాక్టరీ కడుపున పుట్టింది. క్రషింగ్ మొదలైందంటే రోడ్డు పొడుగునా చెరకు బండ్లు, గాలి నిండా మడ్డి వాసన, షిఫ్టు షిఫ్టుకూ సైరన్. మా చిన్నతనంలో ఆ సైరన్‌కే అమ్మలు పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. మిగిలిన 49 శాతం ప్రభుత్వం దగ్గరే ఉంది. ఉండి ఏం చేసింది? 2015 డిసెంబరులో లేఆఫ్ నోటీసు అంటించారు. తెరిపిస్తామన్న మాట ఆ తర్వాత ఎన్ని సభల్లో విన్నామో, ఎన్ని కమిటీలు చూశామో లెక్క లేదు. చెరకు తోటలున్న చోట వరి, సోయా వచ్చాయి. క్వార్టర్లలో మిగిలిన ముసలివాళ్లు ఇప్పటికీ 'మా ఫ్యాక్టరీ' అనే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఉత్సవానికి కూడా ఒక 51 శాతం ఉంటుంది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా నడిపినవాళ్లు ఉన్నారు. తూర్పు ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ చుట్టూ ఉన్నదీ చెరకు నేలే, మూతపడ్డ మిల్లులను చూసిన నేలే. అక్కడ 2006లో 'ప్రతిరోధ్ కా సినిమా' పేరుతో ఒక చిత్రోత్సవం మొదలైంది. సంజయ్ జోషి, జన సంస్కృతి మంచ్ మిత్రులు కలిసి పెట్టుకున్న నియమం ఒక్కటే: కార్పొరేట్ల డబ్బు, ప్రభుత్వం డబ్బు, ఎన్జీవోల డబ్బు తీసుకోకూడదు. చూసినవాళ్లు ఇచ్చిందే ఆధారం. ఆ పద్ధతి గోరఖ్‌పూర్ దాటి బీహార్, ఉత్తరాఖండ్, రాజస్థాన్‌లోని చిన్న ఊళ్లకు పాకింది. అంతకు ఇరవై ఏళ్ల ముందే కేరళలో దర్శకుడు జాన్ అబ్రహాం, ఆయన ఒడెస్సా బృందం మిత్రులు ఊరూరా చాప్లిన్ 'ది కిడ్' వేసి, జనం ఇచ్చిన రూపాయి రూపాయీ కూడేసి 1986లో 'అమ్మ అరియాన్' తీశారు. సినిమా తీయడానికీ చూపడానికీ ఒకటే జోలె.

మనకు జోలె పట్టడం కొత్తా? 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. అందులో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం సొంత పైసలతో డిపాజిట్ కట్టి నిలబడ్డారు. ఒక్కో బూత్‌లో ఈవీఎంలు వరస పెట్టి పేర్చాల్సి వచ్చింది. 2025లో పసుపు బోర్డు వచ్చింది. కానీ ఇంటి పైసలతో ఎన్నికను ఎదుర్కొన్న ఆ రైతుల మీద మన పిల్లలు తీయాల్సిన సినిమా ఇంకా బాకీ ఉంది. అన్ని నామినేషన్లు వేయగలిగిన జిల్లా మూడు రోజుల తెర ఖర్చు మోయలేదంటే నేను నమ్మను. టికెట్ పెట్టొద్దు. ఆట అయ్యాక ఒక తువ్వాల తిప్పండి. పది రూపాయలు వేసినామెకూ వెయ్యి వేసినాయనకూ ఒకే చాప వేయండి. పేర్లు చదవకండి. లెక్క మాత్రం చివరి రోజు అదే తెర మీద పైసాతో సహా చూపించండి.

తెర ఎవరిదన్న సంగతి తేలాక, కెమెరా ఎవరిదన్నది. మన పక్కనే, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు కెమెరా పట్టి పాతికేళ్లవుతోంది. చదువుకోని కూలి తల్లులు. చిరుధాన్యాల మీద, బీటీ పత్తితో మునిగిన వరంగల్ రైతుల మీద సినిమాలు తీశారు. వాళ్లు షాట్లకు పెట్టుకున్న పేర్లు ఏ ఫిలిం స్కూల్లోనూ దొరకవు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింద నిలబడి తలెత్తి చూసేది జీతగాడి చూపు. ఎదుటి మనిషి కళ్లకు సమంగా కెమెరా పెడితే అది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు. సినిమా గురించి ఇంత సూటిగా, ఇంత లోతుగా చెప్పిన మాట నేను ఇంకెక్కడా వినలేదు. మన ఉత్సవానికి ఆ తల్లులను అతిథులుగా పిలిచి శాలువా కప్పి పంపొద్దు. రెండు రోజులు ఉంచుకుని, బీడీలు చుట్టే ఆడపిల్లలకు కెమెరా పట్టడం నేర్పించమని అడుగుదాం.

సినిమాల ఎంపికకు నేను పెద్దరికం చేయను. ఒక్క మాట మాత్రం. బోధన్ తెలుగూరు, ఉర్దూ ఊరు, మరాఠీ ఊరు. సాలూర దాటితే మహారాష్ట్ర. 'ఫండ్రీ', 'కోర్ట్' లాంటి మరాఠీ సినిమాలు మనకు హైదరాబాద్ కన్నా దగ్గర. మూడు భాషల జనం ఒకే పట్టా మీద కూర్చునేలా వేయాలి. సబ్‌టైటిల్స్ చదవలేని పెద్దవాళ్లుంటారు కాబట్టి ఒకరు మైకు పట్టుకుని కథ చెబుతుండాలి. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి అలా చెప్పినవాళ్లు ఉండేవాళ్లు. ఆ పనికి మన చిందు, ఒగ్గు కళాకారులను మించినవాళ్లు ఎవరున్నారు?

పనుల సంగతికొస్తే, హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. 'బలగం' నాటి పేచీ మళ్లీ రాకూడదు. సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు కావాలి, దానికి ముందుగానే దరఖాస్తు పెట్టుకోవాలి. కరీంనగర్‌లో వారాల ఆనంద్ వంటివారు ఫిలిం సొసైటీని ఏళ్ల తరబడి నిలబెట్టారు. హైదరాబాద్ రవీంద్రభారతిలో పైడి జైరాజ్ థియేటర్‌లో 'సినివారం' కొత్త పిల్లల సినిమాలకు తెర ఇచ్చింది. వాళ్లను అడిగితే సగం చిక్కులు విడిపోతాయి. డిచ్‌పల్లి విశ్వవిద్యాలయం, గిరిరాజ్ కాలేజీ విద్యార్థులు వాలంటీర్లుగా దొరుకుతారు. నిజామాబాద్‌లో రాజీవ్ గాంధీ ఆడిటోరియం పగటి ఆటలకు పనికొస్తుంది. రాత్రి ఆటలు మాత్రం నాలుగు గోడల మధ్య వద్దు.

నెల డిసెంబరు పెట్టండి. ఒకప్పుడు క్రషింగ్ జోరుగా నడిచిన నెల, ఫ్యాక్టరీకి తాళం పడ్డ నెల. మొదటి రాత్రి శక్కర్‌నగర్‌లో, ఫ్యాక్టరీ గోడ కనిపించే చోట, బి. నర్సింగరావు 'దాసి' వేయమని నా కోరిక. 1988లో తీసిన ఆ సినిమాకు 5 జాతీయ అవార్డులు వచ్చాయి. గడీలో మాట లేకుండా బతికిన ఆడమనిషి కథ అది. ఈ జిల్లాలో ఎంతమంది దాన్ని పెద్ద తెర మీద చూసి ఉంటారు? రెండో రాత్రి అమ్దాపూర్‌లో, ఎల్లమ్మ ఆడిన నేల మీద, పస్తాపూర్ తల్లుల సినిమాలు. మూడో రాత్రి ఏ ఊళ్లో అన్నది మాత్రం, వీడీసీ బహిష్కరించిన ఇంటివాళ్లు తమ వాకిట్లో తెర కట్టుకోండని పిలిచేదాకా ఖాళీగా ఉంచండి.

— మంజీర