బాండ్ పాట, బాండ్ నిడివి: మా కుర్రోళ్లకి ఒక మాట

ఈరోజు మినుము రేటు గురించి రాయట్లేదు. సినిమా గురించి రాస్తున్నాను. "ఈయనకి ఈ వయసులో ఇదేం పిచ్చి" అనుకోకుండా చివరిదాకా చదవండి.

మొన్న సాయంత్రం టీ కొట్టు దగ్గర మా ఊరి కుర్రోళ్లు ఇద్దరు గట్టిగా వాదించుకుంటున్నారు. ఏంట్రా గొడవ అంటే, రాబోయే జేమ్స్ బాండ్ సినిమా గురించట. 2025లో దానికి డైరెక్టర్‌గా డెని విల్నెవ్ పేరు ప్రకటించారు. డ్యూన్ సినిమాలు తీసింది ఆయనే. డ్యూన్ రెండో భాగం 2 గంటల 46 నిమిషాలు. "ఈయన చేతిలో పడితే బాండ్ కూడా మూడు గంటలు సాగుద్ది, మనకి నిద్రే" అంటాడు ఒకడు. "నిడివి సంగతి తర్వాత, టైటిల్ పాట ఎవరు పాడతారో అది చూడు, పాట బాగోకపోతే సినిమా పోయినట్టే" అంటాడు ఇంకొకడు. మాటా మాటా పెరిగి, తాగే టీ వదిలేసి ఒకడు బండెక్కి వెళ్లిపోయాడు. ఇంకా ఎవరూ చూడని సినిమా, ఎవరూ వినని పాట!

అక్కడ నవ్వుకున్నాను గానీ, రాత్రి పడుకుంటే మా బావ గుర్తొచ్చాడు. అందుకే ఇది రాస్తున్నాను.

తెలియని వాళ్ల కోసం ముందు ఒక మాట. మన సినిమాలో ఐదారు పాటలుంటాయి. బాండ్ సినిమాలో ముఖ్యమైన పాట ఒక్కటే. మొదట ఒక ఫైటో, ఛేజింగో అవుతుంది, ఆ తర్వాత పేర్లు పడేటప్పుడు ఆ పాట వస్తుంది. 1964లో గోల్డ్‌ఫింగర్‌కి షర్లీ బాసీ పాడిన దగ్గర్నుంచి ఇది ఆనవాయితీ అయిపోయింది. ఆవిడ తర్వాత ఇంకో రెండు బాండ్ సినిమాలకీ పాడింది. ఎవరు పాడతారు అనేది అక్కడి అభిమానులకి, మనకి సంక్రాంతికి ఎవరి సినిమా వస్తుందో అన్నంత పెద్ద విషయం.

పాట కాకుండా ఆ సినిమాలన్నిటికీ ఒక ట్యూన్ ఉంది, మీరందరూ వినే ఉంటారు. దాని పుట్టుక తెలిస్తే ఆశ్చర్యపోతారు. మాంటీ నార్మన్ అనే ఆయన ఆ బాణీని మొదట బాండ్ కోసం కట్టలేదు. వి.ఎస్. నైపాల్ రాసిన ఒక నవలని నాటకంగా వేద్దామని, దానికోసం కట్టుకున్న పాట అది. మన దేశం నుంచి ట్రినిడాడ్ చెరకు తోటల్లో కూలికి వెళ్లిన వాళ్ల సంతతి కథ ఆ నవల. ఆ నాటకం వెయ్యలేదు. 1962లో మొదటి బాండ్ సినిమా డాక్టర్ నో వచ్చినప్పుడు ఆ బాణీనే బయటకి తీశాడు. సితార్ మీద అనుకున్నది గిటార్ మీదకి మారింది, జాన్ బారీ దాన్ని ఆర్కెస్ట్రాకి కూర్చాడు. అంటే ఆ కోటూ బూటూ వేసుకున్న గూఢచారి వెనక మోగేది, చెరకు కూలీల మనవల కోసం పుట్టిన పాట అన్నమాట.

మా బావ (మా అక్క భర్త) ఫోన్‌కి అదే రింగ్‌టోన్. బటన్ల ఫోన్ రోజుల నుంచీ అదే. పొలంలో అది మోగితే నాలుగు చేలవతల వాళ్లకి కూడా బావ వచ్చాడని తెలిసేది. మేం కృష్ణగారి అభిమానులం. 1966లో గూఢచారి 116 వచ్చేనాటికి మేం పుట్టలేదు గానీ, తర్వాత టూరింగ్ టాకీసుకి వచ్చినప్పుడల్లా నేల టిక్కెట్‌లో చూశాం. ఆ సినిమాతోనే ఆయన్ని ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్నారు. మరి అసలు బాండ్ ఎవడో చూద్దామని బావ ఊళ్లో అద్దెకి వీడియో, కలర్ టీవీ తెప్పించి ఒక రాత్రంతా వేయించాడు. అప్పట్నుంచీ వదల్లేదు.

2020 ఫిబ్రవరి 13న నో టైమ్ టు డై పాట విడుదలైంది. బిల్లీ ఐలిష్ అనే 18 ఏళ్ల అమ్మాయి, వాళ్లన్నయ్య ఫినియస్ కలిసి రాశారు, అమ్మాయి పాడింది. మినుము నూర్పిళ్ల రోజులవి. గట్టు మీద కూర్చుని మేనల్లుడి ఫోన్‌లో విన్నాం. నాకైతే నీరసంగా ఉందనిపించింది. బావ మాత్రం రెండోసారి పెట్టించుకుని విని, "మాట ఒక్కటీ తెలియట్లేదు గానీ, నమ్మినోళ్లు మోసం చేస్తే ఏడుపు దిగమింగుకుని పాడినట్టుందిరా" అన్నాడు. ఏప్రిల్‌లో సినిమా, విజయవాడ వెళ్దాం అన్నాడు.

మూడు వారాలు తిరక్కుండానే సినిమా వాయిదా వేశారు. కరోనా. ఏప్రిల్ కాస్తా నవంబర్ అయింది, నవంబర్ మళ్లీ 2021 ఏప్రిల్ అయింది, అదీ దాటి సెప్టెంబర్ ఆఖరుకి వెళ్లింది. పాటకీ సినిమాకీ మధ్య పందొమ్మిది నెలలు. ఆ మధ్యలో, రెండో వేవ్‌లో, 2021 మే నెలలో బావ పోయాడు.

సినిమా సెప్టెంబర్ 30న వచ్చింది. మేనల్లుడు "వెళ్దామా మామయ్యా" అన్నాడు. వెళ్లాం. ఇరవై నిమిషాలు దాటాక గానీ పాట రాలేదు. ఆ ముందు సీన్లో, ప్రేమించిన అమ్మాయి తనని మోసం చేసిందనుకుని బాండ్ ఆమెని రైలెక్కించి వదిలేస్తాడు. అప్పుడొచ్చింది పాట. బావ గట్టు మీద అన్న మాట అక్షరాలా నిజం. పక్కన మేనల్లుడు తల దించుకున్నాడు. నేనూ అటు చూడలేదు.

ఇప్పుడు నిడివి సంగతి. ఆ సినిమా 163 నిమిషాలు, అంటే 2 గంటల 43 నిమిషాలు. బాండ్ సినిమాలన్నిట్లోకీ అదే పొడుగు. రిలీజ్‌కి ముందు దీని మీద కూడా బోలెడంత చర్చ జరిగింది. కానీ కుర్రోళ్లూ, లెక్క చూడండి. బాండ్ సినిమాల్లో అన్నిటికన్నా చిన్నది 2008లో వచ్చిన క్వాంటమ్ ఆఫ్ సొలేస్, 106 నిమిషాలు. హాలీవుడ్‌లో రచయితల సమ్మె జరుగుతున్న టైములో స్క్రిప్టు సరిగా పూర్తికాకుండా తీశారు. చిన్నదైనా చాలామందికి ఎక్కలేదు. దానికి రెండేళ్ల ముందొచ్చిన కసీనో రాయల్ 144 నిమిషాలు, జనం నెత్తిన పెట్టుకున్నారు. ఇక మన దగ్గర 1977 సంక్రాంతికి రామారావుగారి దానవీరశూరకర్ణ నాలుగు గంటలకి కాస్త తక్కువ. బండ్లు కట్టుకెళ్లి చూశారు జనం. నేను కృష్ణగారి అభిమానినై ఉండి చెప్తున్నా. నిమిషాల్లో ఏమీ లేదు. కూర్చోబెట్టే దమ్ముందా లేదా అన్నదే లెక్క.

పాటకీ అదే మాట. 2015లో స్పెక్టర్‌కి సామ్ స్మిత్ పాడితే, వచ్చిన రోజునే చాలామంది పెదవి విరిచారు. ఆ పాటకే ఆస్కార్ వచ్చింది. బిల్లీ ఐలిష్ పాటకి 2022లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది అదే అవార్డు మన నాటు నాటుకి వచ్చింది. ఆ పాటున్న ఆర్ఆర్ఆర్ కూడా మూడు గంటలు దాటిన సినిమానే.

కుర్రోళ్ల మాటలో అసలు న్యాయం లేదని నేననను. టిక్కెట్టు, పెట్రోలు, పాప్‌కార్న్ కలిపితే ఒక రోజు కూలి పోద్ది. అంత పెట్టి వెళ్లినవాడు నా టైము వృథా చెయ్యొద్దని అడగొచ్చు. ఊరికే సాగదీసిన సినిమాని తిట్టొచ్చు. కానీ చూశాక తిట్టండి. కళ్లంలో రాశి పడకముందే దిగుబడి తక్కువని కొట్టుకునేవాణ్ణి మనం ఏమంటాం?

ఎదురుచూడటం తప్పని కూడా అనను. మేం పాటల పుస్తకం కొనుక్కుని, రేడియోలో పాట వినీ వినీ, సినిమా మా ఊరు వచ్చేదాకా నెలలు ఆగేవాళ్లం. ఆ ఆగడంలోనే సగం సుఖం ఉండేది. మా బావ సినిమా చూడలేదు గానీ, ఆ పాట మటుకు ఆయనకి దక్కింది. పదిహేను నెలలు విన్నాడు. ఆ సుఖాన్ని మీరు తగువు చేసుకుంటున్నారు, అదే నా బాధ.

ఆరోజు సినిమా అయిపోయాక నేనూ మేనల్లుడూ లేవలేదు. హాలు కుర్రోడు తలుపు తీసి నిలబడ్డాడు. పేర్లన్నీ పోయాక ఆఖర్న, జేమ్స్ బాండ్ మళ్లీ వస్తాడు అని ఇంగ్లీషులో ఒక్క లైను పడింది. అది చూసి లేచాం. రెండు గంటల నలభై మూడు నిమిషాలు నాకైతే చాల్లేదు.

ఇప్పుడు ఆ రింగ్‌టోన్ మేనల్లుడి ఫోన్‌లో ఉంది. కొత్త బాండ్ పాట వచ్చినప్పుడు గట్టు మీద కూర్చునే వింటాం. టీ కొట్టు దగ్గర తగువాడుకున్న ఇద్దరూ కూడా రండి, టీ నేను తెప్పిస్తా.

మీరు మొదటిసారి గూఢచారి సినిమా ఏ ఊళ్లో, ఏ టాకీసులో చూశారో కింద రాయండి. చదువుతాను.