కారు కింద దూరితే ఇజ్జత్ పోదు

"మెకానిక్ కొడుకు ఇంజనీర్ అయ్యాడు" అని చెప్పుకోవడం మనవాళ్లకు ఎంత ఫఖరో! దావత్‌లో నలుగురి ముందు ఆ మాట రెండుసార్లు అంటారు. అదే ఇంజనీర్ ఆదివారం పూట పాత బనీను తొడుక్కుని సొంత కారు కింద దూరితే మాత్రం మొహం చిట్లిస్తారు. "ఇంత చదివించింది మళ్లీ ఆ మసి పూసుకోవడానికేనా బేటా?" అంటారు. చదువు వస్తే హునర్‌ని వదిలేయాలని ఏ కితాబులో రాసుందో నాకు తెలియదు. నా రాయ్ మాత్రం సాఫ్‌గా చెబుతాను. స్పోర్ట్స్ కారు షౌక్ ఉన్నవాడు దాని ఇంజిన్ ఆయిల్ తన చేత్తో మార్చడం నేర్చుకోవాలి. పైసలు మిగులుతాయని కాదు. తన సొత్తు సంగతి తనకు తెలియడానికి, ఆ పని చేసి బతికేవాళ్ల మెహనత్‌కు ఖరీదెంతో అర్థం కావడానికి.

నేనుండేది అమెరికాలో, టెక్సాస్‌లో. నా దగ్గరున్నది 1995 మోడల్ మాజ్దా మియాటా. రెండే సీట్లు, తీసేసే టాపు, నేలకు ఆనుకున్నట్టుండే చిన్న బండి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో దీన్ని మొదటిసారి లోకానికి చూపించారు. 2016 నాటికి పది లక్షల బళ్లు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంత అమ్ముడుపోయింది ఇంకోటి లేదని గిన్నిస్ బుక్ కూడా ఒప్పుకుంది. మాజ్దా వాళ్లు ఈ కారు గురించి 'జిన్బా ఇత్తాయ్' అనే జపనీ మాట వాడతారు. గుర్రం, సవార్ ఒకే జాన్ అయిపోవాలని దాని మతలబ్. బాగానే ఉంది. కానీ తన గుర్రం డెక్క ఎన్నడూ ఎత్తి చూడనివాడు ఎలాంటి సవార్ అవుతాడు?

ఇలాంటి కారుకి అసలు ముసీబత్ దాని ఎత్తే. పొట్ట కింద నాలుగైదు అంగుళాల సందు మాత్రమే ఉంటుంది. మామూలు జాకీ తల అందులో దూరదు. దూరినా, హ్యాండిల్ కొట్టడానికి చోటుండదు. ఇనుప ర్యాంపుల మీదికి ఎక్కిద్దామంటే ముందు బంపర్ అంచు గీరుకుంటుంది. ఆయిల్ మార్చే షాపుల్లో రోజంతా ఎత్తయిన బళ్లను చూసి అలవాటు పడ్డ కుర్రాళ్లు, ఈ కారుని కూడా అదే జల్దీలో లేపుతారు. లిఫ్ట్ చేతులు తగలాల్సిన చోట తగలక తలుపుల కిందుండే రేకు అంచు నలిగిపోతుంది. పాత మియాటా కొనేవాళ్లు ముందు వంగి చూసేది ఆ అంచునే. అక్కడ రంగు లేచి తుప్పు పట్టడం మొదలైతే బాడీ బలమే పోతుంది.

తెలుసుకోవడం వల్ల ఫాయిదా ఏమిటో ఒక మిసాల్ చెబుతాను. ఒకసారి టైర్ల పని మీద ఓ షాపుకి వెళితే, ఇంజిన్ వెనక ఆయిల్ చెమ్మ ఉందని, క్రాంక్‌షాఫ్ట్ వెనక సీల్ పోయిందని, గేర్‌బాక్స్ దించాలని చెప్పారు. వందల డాలర్ల పని అది. ఆ అడుగుభాగాన్ని ఏళ్లుగా చూస్తున్నవాణ్ని కాబట్టి చెమ్మ పైనుంచి దిగుతోందని నాకు అర్థమైంది. ఈ తరం మియాటాల్లో సిలిండర్ హెడ్ వెనక భాగాన క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని రబ్బరు ఓ-రింగ్ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి ఆయిల్ కార్చడం ఈ బళ్లకు పుట్టుకతో వచ్చిన బీమారీ. కొత్త ఓ-రింగ్‌కి కొద్ది డాలర్లయ్యాయి. ఆ షాపువాడి నియ్యత్ చెడ్డదని నేననను. అతను నా కారుని ఐదు నిమిషాలు చూశాడు, నేను పదేళ్లుగా చూస్తున్నాను. ఫరక్ అంతే.

ఇక జాన్ సంగతి. ఇక్కడ మాత్రం నాకు నరమ్‌గా మాట్లాడటం రాదు. జాకీ ఉన్నది కారుని లేపడానికే, లేపిన కారుని పట్టుకోవడానికి కాదు. ఒట్టి జాకీ మీదున్న కారు కింద తల పెట్టడం ఖుద్‌కుషీతో సమానం. ఇటుకలు, సిమెంట్ బిళ్లలు అసలే వద్దు. పైకి గట్టిగా కనబడి ఒక్కసారిగా పగిలిపోతాయి. ఎత్తు తక్కువ కారు కింద ఇంకో ఖత్రా ఉంది. స్టాండ్ల మీద పెట్టాక కూడా దాని పొట్టకీ మీ ఛాతీకీ మధ్య జానెడు జాగా ఉంటే గొప్ప. జారితే పక్కకు దొర్లే మోకా ఉండదు. చిన్న కారే కదా అనుకోకండి, దాదాపు టన్ను బరువు.

అందుకే తరీఖా ముఖ్యం. ముందు చక్రాలను రెండు వెడల్పాటి చెక్కల మీదికి నడిపితే జాకీకి కావాల్సిన సందు దొరుకుతుంది. తక్కువ ఎత్తులో దూరే జాకీ కొనుక్కుంటే ఇంకా మంచిది. నేల సమంగా ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి, హ్యాండ్ బ్రేక్ వేయాలి. మియాటాని ముందు వైపు లేపాల్సింది ఇంజిన్ కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్ మధ్యలో. వెనక వైపైతే డిఫరెన్షియల్ దగ్గర. స్టాండ్లు పెట్టాల్సిన చోట్లు మాన్యువల్లో బొమ్మతో సహా ఉంటాయి. మా టెక్సాస్ ఎండకు తారు మెత్తబడి స్టాండ్ కాళ్లు దిగబడతాయి, కాబట్టి కాంక్రీటు నేల మీదే చేయాలి. స్టాండ్ల మీదికి దించాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడాలి. కదిలితే మళ్లీ మొదటి నుంచీ పెట్టాలి. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ఒక్కరే ఉన్నప్పుడు ఈ పనికి దిగొద్దు.

తర్వాతదంతా ఆసాన్. ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి, చెయ్యి కాలేంత కాదు. అడుగున 19 నంబర్ పానా పట్టే బోల్టు విప్పితే ఆయిల్ దిగిపోతుంది. సతాయించేది ఫిల్టరే. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, పైప్‌ల మధ్య నక్కి ఉంటుంది. కంటితో చూస్తూ విప్పే సీన్ లేదు, చేత్తో తడిమి పట్టుకోవాలి. చుట్టూ ఓ ప్లాస్టిక్ కవర్ తొడిగి విప్పితే కారే ఆయిల్ అందులోనే పడుతుంది. పాత ఫిల్టర్‌తో పాటు దాని రబ్బరు రింగు కూడా వచ్చిందో లేదో తప్పకుండా చూడాలి. అది ఇంజిన్‌కే అతుక్కుని ఉండగా కొత్తది బిగిస్తే ఆయిల్ మొత్తం రోడ్డు మీదికి కక్కేస్తుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, తగిలాక ముప్పావు చుట్టు చేత్తోనే బిగిస్తే చాలు. బోల్టుకి కొత్త వాషర్ వేసి మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. జోష్‌లో మరలు పాడు చేసుకోవద్దు. ఈ ఇంజిన్‌కి పట్టేది నాలుగు క్వార్టులు, అంటే 3.8 లీటర్ల దాకా. బండి దించి, కాసేపు స్టార్ట్ చేసి, ఆపి, సమమైన నేల మీద డిప్‌స్టిక్ చూసుకోవాలి.

అన్ని బళ్లకూ ఇదే తరీఖా అనుకోవద్దు. 2020 మోడల్ నుంచి వస్తున్న కార్వెట్‌లో ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది, ఆయిల్ విడి ట్యాంకులో ఉండే డ్రై సంప్ పద్ధతి. దాని హిసాబ్ వేరు. ఎవరి కారు మాన్యువల్ వాళ్లకు ఉస్తాద్.

దిగిన ఆయిల్‌ని అలాగే పారేయకుండా ఒక్క నిమిషం చూడండి. నల్లగా ఉంటే ఫికర్ లేదు, అది దాని పని చేసిందని నిషానీ. పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. వేళ్ల మధ్య రాస్తే లోహం తళుకులు కనబడితే లోపల ఏదో అరుగుతోంది. షాపు బిల్లు మీద ఈ ఖబర్ రాయరు.

"నువ్వు గంటకు సంపాదించే డాలర్లతో పోలిస్తే ఇది నుక్సానే కదా" అనే దోస్తులున్నారు. నిజమే. జాకీ, స్టాండ్లు, పానాలు కొన్న ఖర్చు కలిపితే మొదటి రెండు మూడేళ్లు మిగిలేది ఏమీ ఉండదు. కానీ మనం ప్రతి గంటనీ అమ్ముకుంటూనే ఉన్నామా? అదే గంట ఫోన్ చూస్తూ పోతే ఎవరూ హిసాబ్ అడగరు. ఇంకొందరు కొత్త కారు వారంటీ పోతుందని డరాయిస్తారు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. సర్వీస్ మా డీలర్ దగ్గరే డబ్బిచ్చి చేయించుకోవాలి, లేకపోతే వారంటీ లేదని కంపెనీ షరతు పెట్టడానికి మామూలుగా వీల్లేదు. సరైన గ్రేడ్ ఆయిల్ వాడి, రసీదులు, తారీఖు, మైళ్లు రాసి పెట్టుకోవడం మన జిమ్మేదారీ.

జిమ్మేదారీ అంటే ఇంకోటుంది. తీసిన ఆయిల్‌ని కాలవలో పోసేవాడికి ఈ పని చేసే హక్ లేదు. ఒక్క ఆయిల్ ఛేంజ్‌లో దిగిన ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీళ్లను ఖరాబ్ చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. చెబుతుంది. ఆయిల్ మురికి అవుతుందే కానీ అరిగిపోదు, శుద్ధి చేసి మళ్లీ వాడొచ్చు. ఇక్కడ స్పేర్ పార్ట్స్ దుకాణాలు చాలావరకు పాత ఆయిల్‌ని ఊరికే తీసుకుంటాయి. ఖాళీ డబ్బాల్లోకి వంచి తీసుకెళ్లడానికి పది నిమిషాలు పడుతుంది, అంతే.

చివరిగా, ఇదంతా చదివి మెకానిక్‌ల రోజీ మీద కొట్టమంటున్నానని ఎవరూ అనుకోవద్దు. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ షెడ్డుల్లో మన ఎన్ని ఖాందాన్లు పానా పట్టి బతికాయో మీకు తెలుసు. పదేళ్ల వయసులో బడి మానేసి ఉస్తాద్ దగ్గర చేరిన షాగిర్ద్‌ల మజ్బూరీని నేను ముద్దుగా చెప్పను. ఆ పిల్లలు బడికే పోవాలి. కానీ గోళ్ల సందున మసి ఉన్నవాణ్ని చూసి పెళ్లి సంబంధం వెనక్కి తీసుకునే ఘమండ్ మనలోకి ఎక్కడి నుంచి వచ్చింది? వెల్లకిలా పడుకుని, కళ్లలో దుమ్ము పడుతుంటే, తలకిందులుగా ఓ బోల్టు విప్పి చూడండి. ఆ తర్వాత మెకానిక్ చెప్పిన మజూరీలో యాభై రూపాయలు కోయడానికి నోరు రాదు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఫిల్టర్ విప్పడంలో నా కంటే దాని చెయ్యే సన్నం, కాబట్టి ఆ పని దానిదే. డాక్టర్ అవుతుందో, ఇంకేమవుతుందో దాని ఇష్టం. ఏమైనా సరే, మసి అంటిన చేతితో షేక్‌హ్యాండ్ ఇవ్వడానికి వెనకాడని మనిషి అయితే నాకు చాలు.