బఫర్ పెంచితే అన్నీ సర్దుకుంటాయా?

నెట్‌వర్కు నెమ్మదిగా ఉందని ఎవరైనా అనడం ఆలస్యం, "సెండ్ బఫర్ పెంచేయ్" అనే సలహా రెడీగా ఉంటుంది. తలనొప్పికీ, కాలినొప్పికీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యంలాగా! నా మటుకు నాకు, లినక్సులో ఇది ఉన్న స్పీడుని కూడా పోగొట్టే సలహా.

ముందు ఆ బఫర్ ఎందుకో చూద్దాం. మన ప్రోగ్రాం సెండ్ అని పిలవగానే డేటా అవతలికి చేరిపోదు. కెర్నెల్ తన బఫర్లోకి కాపీ చేసుకుంటుంది, అంతే. పంపేశాక కూడా "అందింది" అని అవతలినుంచి కబురు వచ్చేదాకా ఆ కాపీని పారెయ్యదు, దార్లో పోతే మళ్ళీ పంపాలి కదా. అంటే ఒకసారి కబురు వెళ్ళొచ్చే లోపు, బఫర్లో పట్టినదానికంటే ఎక్కువ పంపలేం. 100 మెగాబిట్ల లైను, హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళిరావడానికి 200 మిల్లీసెకన్లు అనుకుందాం. లైను నిండుగా ఉండాలంటే 2.5 మెగాబైట్లు దారిలో ఉండాలి.

"మరి పెంచితే తప్పేంటి?" అంటారా? అక్కడే ఉంది తిరకాసు. మీరు ఎస్ఓ_ఎస్ఎన్‌డీబఫ్ తో 4 మెగాబైట్లు అడుగుతారు. చాలా కెర్నెళ్ళలో డబ్ల్యూమెమ్_మ్యాక్స్ డీఫాల్టు 212992 బైట్లే. కెర్నెల్ కిక్కురుమనకుండా మీ కోరికని అక్కడికి కత్తిరించి, తన సొంత లెక్కల ఖర్చుకోసం రెట్టింపు చేసి, 425984 దగ్గర ఆపేస్తుంది. ఎర్రర్ రాదు. పైగా సైజు మీరే చెప్పారు కాబట్టి ఆ సాకెట్‌కి ఆటోట్యూనింగ్ మానేస్తుంది. ఇక అదే లైను మీద 17 మెగాబిట్లు దాటదు. ఆ ఒక్క లైను రాయకుండా ఉంటే, అవసరాన్నిబట్టి టీసీపీ_డబ్ల్యూమెమ్ మూడో అంకె దాకా, అంటే మామూలుగా 4 మెగాబైట్ల దాకా, తనంతట తనే పెంచుకునేది!

నేను చూసిన ఒక ప్రాజెక్టులో, రాత్రి బ్యాకప్పు తెల్లారేసరికి అవ్వట్లేదని కొత్తగా చేరిన కుర్రాణ్ణి మూడు వారాంతాలు ఆఫీసులో కూర్చోబెట్టారు. అతని కోడులో తప్పేం లేదు. ఎప్పుడో ఎవరో "పర్ఫార్మెన్స్ కోసం" పెట్టిపోయిన ఆ సెట్‌సాకాప్ట్ లైనే అసలు దొంగ. చివాట్లు మాత్రం కుర్రాడికి.

అలాగని అడ్డంగా పెంచడమూ మంచిది కాదు. 1 మెగాబిట్ లైను వెనక 4 మెగాబైట్లు పేరుకుంటే, చివరి బైటు బయటపడేసరికి అరనిమిషం. ఇలాంటివాటి కోసమే 2013లో లినక్సు 3.12తో టీసీపీ_నాట్‌సెంట్_లోవాట్ వచ్చింది. ఇంకా పంపని సరుకు ఎంతవరకు పేరుకోవచ్చో దాంతో చెప్పొచ్చు.

కాబట్టి ముందు కొలవండి. ఎస్ఎస్ కమాండుని టి, ఐ, ఎం ఆప్షన్లతో కొట్టండి. సెండ్ బఫర్ చాలక ఎంతసేపు ఆగిందో, అవతలివాడి విండో చాలక ఎంతసేపు ఆగిందో కొత్త కెర్నెళ్ళలో విడివిడిగా కనిపిస్తుంది. రెండూ లేకుండా రీట్రాన్స్‌మిట్లు మాత్రం పెరుగుతుంటే జబ్బు లైనుది, బఫర్‌ది కాదు.

వీలైతే ఇవాళ మీ కోడులో ఆ ఆప్షన్ పేరుతో ఒకసారి గ్రెప్ చెయ్యండి. ఎందుకు పెట్టారో పక్కన రాసి లేకపోతే, తీసేసి కొలిచి చూడండి.